తీయించిన తడిక

ఒకానొక రాజ్యంలో ఒక తడిక తెరిచి ఉండిపోయింది. కథ ఇంతే. చాలా చిన్నది, పొయ్యి మీద పాలు పొంగేలోగా అయిపోతుంది.

కాకపోతే తడిక అన్నాక అది ఏ తోటదో చెప్పాలి. తోట అన్నాక కోట గురించి చెప్పాలి. కోట అన్నాక అందులో ఉండేవాళ్ళ సంగతులు చెప్పకుండా ఊరుకోవడం మర్యాద కాదు. పాలు దించేసి వినడమే మంచిది.

ఆ రాజ్యం పేరు ఏడుమెట్లకోట. రాజుగారు ఉత్తుంగవర్మ. ఆయనకన్నా ముందు ఆయన మీసాలు సభలోకి వచ్చేవని జనం అనేవారు. అది అబద్ధం. అందరూ కలిసే వచ్చేవారు, మీసాలు మాత్రం కొంచెం పక్కగా నడిచేవి. కోట గుమ్మానికి ఏడు మెట్లు. మెట్టుకో మనిషి, రాజుగారి చెయ్యి అందుకోవడానికి. ఏడో మెట్టు మనిషికి ఎనభై ఏళ్ళు. అక్కడికి వచ్చేసరికి రాజుగారే అతన్ని పట్టుకుని నిలబెట్టేవారు. ఆ సంగతి కళ్ళున్న ప్రతివాడికీ తెలుసు, నోరున్న ఒక్కడూ అనలేదు.

రాణిగారు చిన్నపిల్ల పుట్టిన ఏడాదే కాలం చేశారు. పిల్లలిద్దరు. రాకుమారుడు ఇంద్రకేతుకి పన్నెండేళ్ళు, రాకుమారి కువలయకి ఎనిమిది. ఇద్దరికీ కలిపి నలభై ముగ్గురు నౌకర్లు. అన్నం కలపడానికి ఒకరు, కలిపింది ఊదడానికి ఒకరు, ఊదింది చల్లారిందని చెప్పడానికి ఒకరు. రాకుమారుడు తుమ్మితే ‘చిరంజీవ’ అనడానికి ఇద్దరు, ఒకడికి జలుబు చేస్తే రెండోవాడు ఉండాలని.

“మా బిడ్డలు పుట్టి ఇన్నేళ్ళయింది. కింద పడిన వస్తువును ఇంతవరకు వంగి తీయలేదు” అని రాజుగారు సామంతులతో చెప్పుకునేవారు. సామంతులు ఇళ్ళకు వెళ్ళి, తమ పిల్లలు వంగుతున్నందుకు సిగ్గుపడేవారు.

ఇంతవరకూ ఏ గొప్పింటిలోనైనా ఉండేదే. ఏడుమెట్లకోటను నిజంగా చెడగొట్టింది వ్యాకరణం.

ఆస్థాన పండితుడు శబ్దశేఖర శాస్త్రిగారు. సభలో ఆయన కూర్చోవాలంటే పీట ఒకరు వేయాలి, దర్భాసనం ఒకరు పరవాలి. ఇంట్లో మాత్రం బావిలో నీళ్ళు ఆయనే తోడతారని పక్కింటి వాళ్ళు చెబుతారు. మనకెందుకు. ఆ శాస్త్రిగారు ఒకనాడు పిల్లలకు పాఠం చెబుతూ చెబుతూ, రాజుగారు అటుగా రావడం చూసి, గొంతు పెంచి ఇలా అన్నారు.

“‘చేయుట’ నౌకరు మాట. ‘చేయించుట’ దొర మాట. కాబట్టి రాజబిడ్డలు ‘చేశాం’ అనరాదు. ‘చేయించాం’ అనవలెను.”

రాజుగారు అక్కడే ఆగిపోయారు. ఆయన కళ్ళు చెమర్చాయి. తాను ఇన్నాళ్ళూ ‘తిన్నాం’ అనీ ‘నడిచాం’ అనీ నౌకరు భాష మాట్లాడినందుకు బాధపడి, శాస్త్రిగారికి శాలువా కప్పించారు. ఆ రోజు నుంచి కోటలో రాచబిడ్డల నోట నేరుగా ఒక క్రియ వినబడలేదు.

అన్నం తిన్నారా అంటే “తినిపించారు” అనేవారు. నిద్రపోయారా అంటే “నిద్రపుచ్చారు”. పాఠం మరిచిపోతే “మరిపించారు”. కువలయ ఒకరోజు ఆకలేసి ఏడ్చి, ఎందుకమ్మా అని రాజుగారు అడిగితే “ఏడిపించారు” అంది. ఆ మాట మీద పాపం ఊదే మనిషికి ఉద్యోగం పోయి, ఇంకొకడు వచ్చాడు.

పెద్దవాళ్ళను చూసి నౌకర్లూ నేర్చారు. ‘చేస్తాను’ అనడానికి ఒక్కడికీ నోరు రాలేదు. గదులు ఊడ్చేవాడు ఊడిపించడం మొదలుపెట్టాడు. వాడి కింద చేరినవాడు ఇంకొకరిచేత ఊడిపించాడు. ఊళ్ళో చింతపండు కొట్టు వరదయ్య కూడా వీపు గోకించుకోవడానికి మనిషిని పెట్టుకున్నాడు. ఆ మనిషికి వీపు దురద పెడితే ఎలాగన్నది ఆలోచించలేదు. ఒకరోజు రాజుగారు “తలుపు వేయించండి” అంటే వంటశాలలో మూకుడు పెట్టారని కూడా అంటారు. అది మాత్రం అతిశయోక్తి. మూకుడు కడిగారంతే.

కొంతకాలానికి కోట మొత్తంలో చేతులతో పనిచేసేవాళ్ళు ముగ్గురు మిగిలారు. ఒకడికి నడుం పట్టేసింది. ఒకడు బావమరిది పెళ్ళికని వెళ్ళి, ఆ బావమరిదికి ఇద్దరు పిల్లలు పుట్టినా తిరిగి రాలేదు. మూడో మనిషి ఆదెమ్మ.

ఆదెమ్మ పిల్లల దాది. యాభై దాటిన మనిషి, మోచేతుల దాకా గాజులు, మోకాళ్ళ పైకి దోపిన చీర. పన్నెండేళ్ళుగా ఆ పిల్లలకు నీళ్ళు పోసి, తలలు దువ్వి, జ్వరాలు కాసింది. ఆమె కూతురు రవణమ్మ రాజ్యం పొలిమేర అవతల పల్లెలో కాపురం చేస్తోంది. ఆ ఏడాది రెండుసార్లు కబురు పెట్టింది: “అమ్మా, ఇంక చాలు, వచ్చేయ్. మా అత్తగారు కూడా రమ్మంటున్నారు.” అత్తగారు రమ్మనడం మామూలు సంగతి కాదు. అయినా ఆదెమ్మ వెళ్ళలేదు.

“ఈ పిల్లలకు ఒక్క పనైనా తమంతట తాము చేయడం రానివ్వు. అప్పుడొస్తాను” అని చెప్పి పంపింది.

అందుకు ఆమె పాట్లు పడకపోలేదు. ఒకసారి నీళ్ళ చెంబు పిల్లల ముందు పెట్టి, “మీరే ఎత్తి తాగండి, చూద్దాం” అంది. కువలయ చెయ్యి చాచిందో లేదో నలభై ముగ్గురూ చెంబు మీద పడ్డారు. చెంబు సొట్టపోయింది. ఎవరు సొట్టపెట్టారని అడిగితే నలభై ముగ్గురూ “పెట్టించాం” అన్నారు.

ఇక తడిక.

కోట వెనక రాజుగారి ఆకుతోట ఉంది. అవిసె చెట్ల మీదికి తమలపాకు తీగలు పాకించి, చుట్టూ దడి కట్టి, వెదురు తడిక పెట్టారు. ఆ తోట ఆకంటే రాజుగారికి ప్రాణం. శనివారం సామంతులందరినీ పిలిచి తన చేత్తో తాంబూలాలు ఇవ్వబోతున్నారు. తన చేత్తో అంటే, చెయ్యి ఆయనది, ఎత్తడం ఇంకొకరు.

మంగళవారం మధ్యాహ్నం నౌకర్లందరూ ఒకరిచేత ఒకరు విసనకర్రలు విసిరించుకుంటూ కునికిపాట్లు పడుతుంటే, పిల్లలిద్దరూ ఆకుతోట మూలనున్న జామచెట్టు దగ్గరకు పోయారు. తడిక తీశారు. కాయలు కోసుకున్నారు. తిరిగి వచ్చేశారు. తడిక వేయలేదు.

పొగరుండి వేయకపోవడం కాదు. పుట్టిన దగ్గర నుంచీ వాళ్ళు దాటిన ప్రతి తలుపూ వెనక ఎవరో వేసేవారు. వీళ్ళు వెనక్కి చూసే అలవాటు లేనివాళ్ళు. కాబట్టి మనిషి దాటగానే తలుపు తనంతట తానే పడుతుందని, అది తలుపుల స్వభావమని ఆ పిల్లలు అనుకున్నారు. ఇలాంటి పొరపాటు చేయాలంటే రాజు కడుపున పుట్టాలి.

సాయంత్రం మేకలు వచ్చాయి. అవి మర్యాదలు పెట్టుకోలేదు.

బుధవారం పొద్దున్నే సభ. రాజుగారి మీసాలు ఆ రోజు నిజంగానే ముందు వచ్చాయి.

“తడిక తీసిందెవరు?”

జామకాయ తొడిమ ఇంకా ఇంద్రకేతు జేబులోనే ఉంది. వాడు నేల చూశాడు. “తీయించాం, నాన్నగారూ.”

“ఎవరిచేత?”

వాడు తొడిమను జేబులో ఇంకా కిందికి తోశాడు. శాస్త్రిగారు అందుకున్నారు. “ప్రభూ, రాకుమారులు తీయించారంటే తీసిన మనిషి వేరే ఉన్నట్టే. వ్యాకరణం అబద్ధమాడదు. కర్త దొరకాలి.”

“ఆ సమయానికి దగ్గరలో పని చేస్తున్నదెవరు?” అని రాజుగారు అడిగారు.

పని చేస్తున్నది అనేసరికి ఇంకెవరిని చూడాలి? అందరూ ఆదెమ్మ వైపు చూశారు.

ఆదెమ్మ మాత్రం పిల్లవాడి చేతిని చూస్తోంది. బొటనవేలు ఎర్రగా వాచి ఉంది, గోరు పక్కన వెదురు పేడు నల్లగా కనబడుతోంది. పన్నెండేళ్ళు ఆ వేళ్ళకు గోళ్ళు తీసిన మనిషికి అది కనబడటానికి దీపం అక్కర్లేదు. ఆ చెయ్యి పట్టుకుని సభకు చూపిస్తే ఏమవుతుందో కూడా ఆమెకు తెలుసు. శాస్త్రిగారు ‘గుచ్చించారు’ అంటారు. పైగా అది ఆమె చూపించాల్సిన పేడు కాదు.

“చిన్నదొరా, ఒక్క మాట” అంది. “తీశారా, తీయించారా?”

వాడు బొటనవేలిని పిడికిట్లో దాచుకున్నాడు. నోటికి వచ్చింది మాత్రం పాత మాటే. “తీయించాం.”

“సరే” అంది ఆదెమ్మ.

“విన్నారుగా” అన్నారు రాజుగారు. “రేపు మధ్యాహ్నం లోగా ఈ ఆదెమ్మను పొలిమేర బయటికి గెంటించండి. ఇలాంటి మనిషిని ఎవరూ గడప తొక్కనివ్వకుండా దండోరా వేయించండి.”

దండోరా అనేసరికి ఆదెమ్మ తలెత్తింది. కూతురి ఊరు వెళ్ళడానికి ఆమెకు అభ్యంతరం లేదు. కానీ గెంటించుకుని, దండోరా వెంట రాగా వెళ్ళి రవణమ్మ గుమ్మంలో నిలబడటమా? రమ్మన్న అత్తగారే రేపు పొయ్యి దగ్గర కూర్చుని, ‘మీ అమ్మను గెంటేశారటగా’ అని పిల్లను జీవితాంతం పొడుస్తుంది. చేయని పనికి ఆ మాట కూతురి మీద పడనివ్వకూడదు అనుకుంది ఆదెమ్మ. వంటశాలకు వెళ్ళి పప్పు కడగడం మొదలుపెట్టింది.

ఇక్కడ రాజాజ్ఞ బయలుదేరింది. రాజుగారు ‘గెంటించండి’ అన్నది దళవాయితో. దళవాయి యుద్ధాలు చేయించిన మనిషి, ముసలి దాది మీద తను చెయ్యి వేస్తాడా? జమేదారును పిలిచి “గెంటించు” అన్నాడు. జమేదారు కాపలా నాయకుణ్ణి పిలిచి “గెంటించవయ్యా” అన్నాడు. కాపలా నాయకుడు బంట్రోతు పుల్లన్నను పిలిచాడు. పుల్లన్న కింద ఇంక ఎవరూ లేరు. వాడు కాసేపు గోడను చూశాడు. గోడకు పని చెప్పలేక వంటశాలకు వచ్చాడు.

“ఆదెమ్మక్కా, నీకో పని పడింది.”

“ఏంటి తమ్ముడూ?”

“ఒకామెను పొలిమేర దాకా గెంటాలంట.”

“ఎవరినీ?”

పుల్లన్న బుర్ర గోక్కున్నాడు. “ఆదెమ్మని.”

ఆదెమ్మ పప్పులో రాయి ఏరి పారేసింది. “అది నేనే కదరా.”

“నాకూ అనుమానం వచ్చిందక్కా. కానీ ఇది పైనుంచి వచ్చింది. నాకు చెప్పించారు, నేను నీకు చెప్పాను. ఇంక నీ ఇష్టం.” వెళ్ళబోయి ఆగాడు. “అన్నట్టు, దండోరా కూడా నీకే వచ్చింది. డప్పు బయట పెట్టాను.”

ఆదెమ్మ చేతులు తుడుచుకుంది. ఆ క్షణాన ఆమె నవ్వలేదు. తర్వాత పుల్లన్న ఊళ్ళో చెప్పినదాన్ని బట్టి, గాజులు పైకి తోసుకుందట. అంతే.

సాయంత్రం లోగా ఏడుమెట్లకోట వీధులన్నీ ఆ డప్పు విన్నాయి.

“ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, ఆదెమ్మ అనే మనిషిని గెంటమని ఆదెమ్మకు ఆజ్ఞ అయింది. ఆదెమ్మ ప్రయత్నం చేస్తున్నది. ఫలితం రేపు మధ్యాహ్నం సభలో చెప్పబడును. తీరిక ఉన్నవాళ్ళు రావచ్చు.”

ఏడుమెట్లకోటలో అందరికీ తీరికే.

డప్పు దించి వంటశాలకు వచ్చేసరికి గుమ్మంలో పిల్లలిద్దరూ నిలబడి ఉన్నారు. ఇంద్రకేతు బొటనవేలు చిన్న వంకాయంత అయింది.

“దాదీ, నొప్పి పుట్టిస్తున్నారు” అన్నాడు.

“ఎవరు?”

వాడు వేలి వైపు చూసుకున్నాడు. వేలు ఒక్కటే ఉంది అక్కడ.

“పొద్దున్నుంచి అన్నయ్య వైద్యుడిగారికి చెప్పిస్తున్నాడు” అంది కువలయ. “ఆయన తీయిస్తామన్నారు. తీసేవాళ్ళు రాలేదు.”

“రారమ్మణ్ణీ. ఆ తీసేదాన్ని నేనే. నాకివాళ తీరిక లేదు, ఒకామెను గెంటే పనిలో ఉన్నాను.” ఆదెమ్మ చూరులోంచి సూది తీసి, దీపానికి చూపి, పీట మీద పెట్టింది. “సూది ఇదుగో. వేలు మీ దగ్గరే ఉంది.”

“దాదీ, నువ్వు తియ్యి.”

ఆదెమ్మకు చేతులు లాగాయి. చంటిబిడ్డప్పటి నుంచి ఆ గొంతు అలా పిలిస్తే ఆగిన మనిషి కాదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని కూర్చుంది.

ఇంద్రకేతు సూది తీసుకున్నాడు. అది కింద పడింది. చుట్టూ చూశాడు, ఎవరూ లేరు. వంగాడు. పన్నెండేళ్ళ రాజవంశ గౌరవం అక్కడితో పోయింది, ఎవరూ గమనించలేదు. కువలయ వాడి మణికట్టు పట్టుకుంది. మూడుసార్లు తప్పింది, ఒకసారి నెత్తురు వచ్చింది, కువలయ కళ్ళు మూసుకుని చెయ్యి మాత్రం వదల్లేదు. నాలుగోసారి పేడు బయటికి వచ్చింది.

వాడు దాన్ని వెలుతురులో పట్టుకుని చూశాడు. “తీశాను” అన్నాడు.

అన్నాక తనే ఉలిక్కిపడ్డాడు. ఆ మాట వాడి నోటికి కొత్త. మళ్ళీ అని చూశాడు. “నేను తీశాను.”

“తీశారు” అంది ఆదెమ్మ. గిన్నెలు కడుక్కోవడానికి అటు తిరిగిపోయింది.

గురువారం మధ్యాహ్నం సభ కిక్కిరిసింది. వరదయ్య తన వీపు మనిషితో సహా వచ్చాడు. రాజుగారు సింహాసనం మీద సర్దుకునేసరికి ఎదురుగా ఆదెమ్మ.

“నువ్వింకా ఇక్కడే ఉన్నావేం?”

“ఎవరిని అడుగుతున్నారు ప్రభూ? గెంటేదాన్నా, గెంటించుకునేదాన్నా?”

“ఏమిటీ?”

“తమరి ఆజ్ఞ నలుగురి చేతులు మారి నా దగ్గరకు వచ్చింది. పొద్దున్నుంచి ఆ పని మీదే ఉన్నాను. ఆమె మొండి మనిషి ప్రభూ. వెళ్ళనంటోంది.”

“చెయ్యి పట్టుకుని లాగు.”

“పట్టుకున్నాను. రెండో చెయ్యి కూడా ఆమెదే అయింది.”

వెనక ఎవరో దగ్గారు. రాజుగారి మీసం ఒకవైపు లేచింది. “గట్టిగా తోయి.”

“తోశాను. ఆమెకూ నా అంత బలమే ఉంది. నేనెంత తోస్తే అంతే నిలబడుతోంది. సాయానికి ఇంకొకరిని ఇప్పించండి. చేసేవాళ్ళు కావాలి, చేయించేవాళ్ళు మన దగ్గర బోలెడు మంది ఉన్నారు.”

రాజుగారు దళవాయిని చూశారు. దళవాయి జమేదారును, జమేదారు కాపలా నాయకుణ్ణి, అతను పుల్లన్నను చూశాడు. పుల్లన్న ఆదెమ్మను చూశాడు. ఆదెమ్మ రాజుగారిని చూసింది. చూపులు ఒక చుట్టు తిరిగి బయలుదేరిన చోటికే వచ్చాయి.

“అయితే మేమే గెంటుతాం” అని రాజుగారు లేచారు.

“ప్రభూ” అని శాస్త్రిగారు అడ్డం వచ్చారు. “తమరు ‘గెంటుతాం’ అన్నారు. నేరుగా క్రియ. నౌకరు మాట.”

రాజుగారి పాదం గాలిలో ఆగిపోయింది. గెంటితే నౌకరు అవుతారు. గెంటకపోతే ముసలి దాది మీద చెల్లని ఆజ్ఞ ఇచ్చిన రాజవుతారు. ఆ పాదం ఎక్కడ పెట్టాలో ఆయనకు తోచలేదు.

“తొందర లేదు ప్రభూ, నిదానంగా చూసుకోండి” అంది ఆదెమ్మ. “ఈలోగా నాకొక సందేహం. పని చెడితే చేసినదాన్ని నేనన్నారు, ఒప్పుకున్నాను. మరి పని బాగున్నప్పుడు చేయించినవారే వస్తారెందుకు? ఈ పిల్లలను ‘మేము పెంచాం’ అని సామంతులతో అంటారు. అదైనా ‘పెంచించాం’ అనరే? మంచి మాటలు అన్నీ పైన ఉంచుకుని, చెడ్డవి మాత్రం కిందికి జారవిడుస్తున్నారు. రేపు చిన్నదొర ఆ గద్దె మీద కూర్చుంటారు. ఒక ఊరు మునిగితే ‘ముంచించారు’ అంటారు. అప్పుడు ఎవరిని గెంటిస్తారో ఇప్పుడే చెప్పి పెట్టండి, ఆ మనిషి మూట కట్టుకుని ఉంటాడు.”

ఏడు మెట్ల మనుషుల్లో ఒక్కడూ ఏనాడూ అనని మాట అది.

అప్పుడు ఇంద్రకేతు ముందుకు వచ్చాడు. వేలికి పసుపు గుడ్డ చుట్టి ఉంది. చుట్టిన తీరు చూస్తే ఎనిమిదేళ్ళ పిల్ల చుట్టిందని తెలుస్తోంది.

“నాన్నగారూ, మొన్న నా వేల్లో పేడు దిగింది. నేను తీశాను.”

“తీయించారు” అని శాస్త్రిగారు సవరించారు.

“లేదు శాస్త్రిగారూ. పక్కన చెల్లాయి తప్ప ఎవరూ లేరు. తీశాను.” వాడు రాజుగారి వైపు తిరిగాడు. “తడిక కూడా నేనే తీశాను. వేయలేదు. తలుపులు వాటంతట అవే పడతాయనుకున్నాను.”

“నేను కూడా కాయ కోశాను” అంది కువలయ వెనక నుంచి. “ఒకటి కాదు, రెండు.”

రాజుగారు గాల్లో ఉన్న పాదం మెల్లగా దించుకున్నారు. తర్వాత శాస్త్రిగారి వైపు తిరిగారు.

“శాస్త్రిగారూ, తలుపు వేయడం తమకు వచ్చునా?”

“వచ్చు ప్రభూ. ఇంట్లో రోజూ వేస్తాను.”

“వేస్తారా?”

“వేస్తాను. నీళ్ళు కూడా తోడ...” అని శాస్త్రిగారు ఆగిపోయారు. ఆ ఆగడం కాస్త ఆలస్యమైంది.

మొదట నవ్వింది వరదయ్య. దొర ముందు నవ్వకూడదని గుర్తొచ్చి తన వీపు మనిషి వైపు చూపించాడు. ఈలోగా రాజుగారికి కూడా నవ్వు వచ్చేసింది. నవ్వించారు అనడానికి వీల్లేని నవ్వు, కడుపులోంచి తనంతట తాను వచ్చింది. మీసాలు రెండూ రెండు వైపులకు ఎగిరాయి.

“సరేనే ఆదెమ్మా, ఓడిపోయాం” అన్నారు కళ్ళు తుడుచుకుంటూ. తనే తుడుచుకున్నారు. “కానీ తడిక తీసినవాణ్ణి గెంటమని ఆజ్ఞ ఇచ్చేశామే. రాజు మాట.”

“మార్చక్కర్లేదు ప్రభూ. గెంటండి. ఆకుతోటలోకి గెంటండి. తీగలు మళ్ళీ నాటి, అవి అవిసె చెట్టు పట్టుకునేదాకా ఆ పనిలోంచి బయటికి రానివ్వకండి.”

రాజుగారు మెట్లు దిగారు. ఎవరి చెయ్యీ అందుకోలేదు. ఎనభై ఏళ్ళ ముసలాయనకు ఆ రోజు పట్టుకునేవాళ్ళు లేక కూర్చోవాల్సి వచ్చింది. కొడుకును ఒక భుజం, కూతురిని ఒక భుజం పట్టుకుని, రాజుగారు తన రెండు చేతులతో ఆకుతోటలోకి గెంటారు. గెంటడం బాగానే వచ్చిందని చూసినవాళ్ళు చెప్పారు.

శనివారం సామంతులకు ఆకులు లేని తాంబూలం ఇచ్చారు, వట్టి వక్కలు. వాళ్ళు ఇదేదో కొత్త మర్యాద అనుకుని ఇళ్ళకు వెళ్ళి ఆకులు మానేశారు.

అంతకుముందు, ఆ గురువారం సభ ముగించే ముందు, రాజుగారు దళవాయితో “ఆదెమ్మకు కోరిన బహుమానం ఇప్పించండి” అన్నారు. అలవాటు ఒక్కరోజులో పోదు. దళవాయి జమేదారుకు చెప్పాడు, జమేదారు కాపలా నాయకుడికి, అతను పుల్లన్నకు. పుల్లన్న వంటశాలకు వచ్చాడు.

“ఆదెమ్మక్కా, నీకు ఇంకో పని పడింది. ఆదెమ్మకి ఏం కావాలో కనుక్కుని ఇచ్చేయాలంట.”

ఆదెమ్మ పొయ్యి ఎగదోసింది. మూలనున్న నీళ్ళ చెంబును చూసింది. సొట్ట అలాగే ఉంది. నిండుగా ఉన్న ఆ చెంబును ఇందాకే కువలయ తోటలోకి తనే మోసుకుపోయి, ఖాళీగా తెచ్చి పెట్టింది.

“ఇచ్చేశాను” అంది.

“ఏమిచ్చావు?”

“సెలవు.”

శుక్రవారం పొద్దున్నే ఆమె మూట కట్టుకుని బయలుదేరింది. బంగారం ఇస్తామన్నారు, ఊరు ఇస్తామన్నారు, పిల్లలు కాళ్ళకు చుట్టుకున్నారు. “నేనుంటే మీరు మళ్ళీ చేయిస్తారు” అని చెప్పి, ఇద్దరి తలలూ ఒకసారి దువ్వి, ఆకుతోట దారిన పొలిమేర వైపు నడిచిపోయింది. కూతురి అత్తగారు గుమ్మంలోనే అడిగింది, గెంటేశారా అని. “లేదు, వచ్చాను” అంది ఆదెమ్మ.

ఆ రోజు కోటలో అన్నం మధ్యాహ్నం మూడింటికి అయింది. మాడింది. అందరూ తిన్నారు.

సాయంత్రం మేకలు వచ్చాయి. తడిక వేసి ఉంది. వెళ్ళిపోయాయి.